నలభై రెండు చక్రాలు

కాదని చెప్పడానికి వంద కిలోమీటర్లు బస్సులో వెళ్లిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. ఫోన్లో ఒక్క ముక్కలో తేలిపోయే విషయమే. కానీ ఫోన్లో చెబితే కఠినంగా ఉంటుంది, ఎదురుగా కూచుని, అరడజను కమలాపళ్లు చేతిలో పెట్టి చెబితే మర్యాదగా ఉంటుందని నా లెక్క.

అది 2023 డిసెంబరు. అంతకు ముందు ఏడు ఎండాకాలంలో మా అమ్మ పెరట్లో కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేయించాం. ఎముక అతికింది గాని అమ్మ మళ్లీ లేచి నడవలేదు. మంచమే లోకమైపోయింది. ఊళ్లో తమ్ముడి దగ్గరే ఉంటుంది కనక తమ్ముడే చూస్తున్నాడని అందరం అంటాం. తమ్ముడు పొద్దున్న ఎనిమిదింటికి స్కూలుకి పోయి సాయంత్రం ఆరింటికి వస్తాడు. అంటే చూసేది ఎవరో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ మరదలు ఒకరోజు ఫోను చేసి, "వదినా, ఒక్క రెండు నెలలు అత్తయ్యని మీ దగ్గర ఉంచుకోగలరా?" అంది.

పెళ్లయి మా ఇంటికొచ్చిన ఇన్నేళ్లలో ఆ పిల్ల నన్ను ఒక్కటీ అడిగిన పాపాన పోలేదు. అలాంటిది అడిగింది కదా, ఎందుకడిగిందో అని ఆలోచించాలా వద్దా? నేను ఆలోచించలేదు. నాకు కోపం వచ్చింది. ఇల్లంతా తన పేర రాసిచ్చాం, పొలం మీద అయివేజు తనే తింటోంది, ముసలావిడని రెండు పూటలా చూసుకోలేదూ అనుకున్నాను. తర్వాత కూచుని, నవలకి అధ్యాయాలు వేసుకున్నట్టు కారణాలు వరసగా రాసుకున్నాను. ఒకటి, సీరియల్ గడువు. రెండు, మాది మూడో అంతస్తు. మూడు, మావారి బి.పి. నాలుగు, పనమ్మాయి సంక్రాంతికి ఊరెళితే ఎప్పుడొస్తుందో దానికే తెలీదు. అన్నీ నిజాలే. ఒక్క అబద్ధం కూడా లేకుండా కాదనవచ్చని అప్పుడే తెలిసింది నాకు.

విశాఖపట్నంలో సాలూరు బస్సెక్కాను. విజయనగరం దాకా వేళకే చేరాం. ఊరు దాటాక బస్సు నత్తనడక పట్టింది. కండక్టరు తల బయటికి పెట్టి చూసి, "అయిపోయింది మన పని" అని మళ్లీ కూచున్నాడు.

ముందు ఒక లారీ పోతోంది. లారీ అనకూడదేమో. నేలకి జానెడెత్తున పాకుతున్నట్టున్న పొడుగాటి ఇనుప బల్ల, దాని మీద నీలం టార్పాలిను కప్పిన ఒక కొండ. నాలుగు మూలలా గొలుసులు, ఎర్రగుడ్డలు. దానికి ముందు మినుకు మినుకుమనే లైటుతో ఒక జీపు. రోడ్డులో సగానికి పైగా అదే. ఎదురొచ్చే బళ్లు మట్టిలోకి దిగి నిలబడుతున్నాయి. నా పక్కన కూచున్న ముసలమ్మ, "పైడితల్లి సిరిమానులాగొస్తంది సూడమ్మా" అని చేతులు జోడించింది. వెనక సీటాయన చేతిలో శుభలేఖల సంచి ఉంది. ఆయన దండం పెట్టలేదు, వాచీ చూసుకున్నాడు. నేనూ వాచీయే చూసుకున్నాను.

ప్రతి ఊళ్లోనూ అదే తంతు. రోడ్డుకడ్డంగా కేబుల్ టీవీ తీగలు వేలాడుతుంటాయి. లారీ ఆగుతుంది. ఒక కుర్రాడు టార్పాలిను మీదికెక్కి వెదురు గెడతో తీగ ఎత్తి పట్టుకుంటాడు. కింద లారీ గజం గజం జరుగుతుంది. పిల్లలంతా వెంటపడి నడుస్తారు. టీ కొట్టువాడు బల్ల లోపలికి లాక్కుంటాడు. కూరగాయలమ్మి బుట్ట ఎత్తుకుని తిడుతుంది. తిడుతూనే చూస్తుంది. బస్సులో మేం మాత్రం ఉడికిపోతున్నాం.

ఒక వంతెన ముందు ఆ బండి పూర్తిగా ఆగిపోయింది. వెనక మా బస్సూ ఆగింది. అందరూ దిగారు. దిగక చేసేదేముంది? నేనూ దిగాను.

జీపులోంచి ఒక ఇంజనీరు కుర్రాడు దిగి వంతెన కేసి నడుస్తున్నాడు. ఆకుపచ్చ జాకెట్టు, మీద మెరిసే పట్టీలు. రాసేవాళ్లకి సిగ్గు తక్కువ కదా, "ఏమిటి నాయనా ఇది?" అని అడిగేశాను.

"రోడ్డు వేసే మెషినండీ. పేవర్ అంటారు. జర్మనీ నుంచి ఓడలో వచ్చింది" అన్నాడు.

వైజాగ్ పోర్టు మాకు పరాయిది కాదు. 1933లో వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు వచ్చి ప్రారంభించిన రేవు అది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఓడలు లోపలికి జరుగుతుంటే బీచిలో నిలబడి పిల్లలకి చూపించినదాన్నే. కానీ ఓడలో వచ్చిన వస్తువు రేవు దాటి ఊళ్లోకి ఎలా వెళ్తుందో ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు. పెళ్లిపందిట్లో విస్తట్లో పడ్డాక తప్ప గాడిపొయ్యి సంగతి మనకి పట్టదు కదా.

ఆ కుర్రాడు చెప్పాడు. ఓడ గర్భంలోంచి క్రేనుతో నాలుగు మూలలా పట్టి పైకి లేపి ఈ బల్ల మీద దింపుతారట. చక్రాల మీద ఇంత ఎత్తున ఇంకో ఎత్తు పెడితే తీగలకీ వంతెనలకీ తగులుతుంది కనక, బల్లని వీలైనంత కిందికి చేస్తారట. లోబెడ్ అంటే అదే. మామూలు బండి వెడల్పు 2.6 మీటర్లు మించకూడదని మోటారు వాహనాల రూలు. ఇది మూడున్నర మీటర్లు. అంటే హైవే మీద ఒక వరస మొత్తం. అందుకని ముందే అనుమతి తీసుకోవాలి. ఏ దారిన పోతారో కూడా చెప్పాలి. "బండి కదలకముందే జీపులో ఈ దారంతా ఒకసారి తిరిగామండీ. ఏ తీగ ఎంత ఎత్తుంది, ఏ మలుపు తిరుగుతుంది, ఏ వంతెన ఎంత వెడల్పు, అన్నీ కొలుచుకున్నాం. బయల్దేరాక పట్టలేదంటే వెనక్కి తిప్పడం కుదరదు కదండీ."

"రోడ్డు వేసే మెషినే కదా, రోడ్డు మీద తనే నడిచి పోకూడదూ?" అన్నాను.

నవ్వాడు. దానికి ట్యాంకుకున్నట్టు పట్టాలుంటాయిట. పని చేసేటప్పుడు నిమిషానికి కొద్ది మీటర్లే జరుగుతుంది. సాలూరు దాకా దాని కాళ్ల మీద అది పోవాలంటే ఉగాది దాటుతుంది, ఉన్న రోడ్డూ పాడవుతుంది.

రాయపూర్ నుంచి విశాఖకి 464 కిలోమీటర్ల ఆరు వరసల రోడ్డు అప్పుడు వేస్తున్నారు, ఆ సంగతి మీకు తెలిసే ఉంటుంది. మన రాష్ట్రంలోని భాగానికి 2022 నవంబరు 12న విశాఖలో శంకుస్థాపన జరిగింది. ఈ మెషిను ఆ పనికే పోతోందన్నాడు.

అది పనిచేసే తీరు చెబుతుంటే నాకు వంటిల్లే గుర్తొచ్చింది. ముందు తొట్టిలో లారీ వెనక్కొచ్చి వేడి వేడి తారు కంకర పోస్తుంది. దాని వేడి 150 డిగ్రీల దాకా ఉంటుంది. లోపల గొలుసుల పట్టీ దాన్ని వెనక్కి మోస్తుంది. అక్కడ మరలు తిరుగుతూ కుడికీ ఎడమకీ సర్దుతాయి. ఆఖర్న బరువైన ఇనుప పలక ఒకటి దాని మీద ఇస్త్రీపెట్టెలా జారుతూ సాపు చేస్తుంది. ఆ పలకని గట్టిగా బిగించరట. రెండు పొడుగాటి చేతులతో లాగుతారు. అది తారు మీద తేలుతూ పోతుంది. అందుకే కింద గతుకులున్నా పైన సాపుగా వస్తుంది. అమెరికాలో బార్బర్-గ్రీన్ అనే కంపెనీ 1930లలో ఇలాంటి యంత్రాన్ని వాడుకలోకి తెచ్చింది.

నా చిన్నప్పుడు మా ఊరికి తారురోడ్డు వేసింది ఆడవాళ్లు. కాళ్లకి గోనెపట్టాలు చుట్టుకుని, తలమీద గమేళాలతో ఆ పొగలో నడిచేవారు. వాళ్లకి మా అమ్మ మజ్జిగ ఇచ్చేది. ఇన్నాళ్లకి ఆ సంగతి గుర్తొచ్చింది.

ఈలోగా డ్రైవరు ఇనుపకడ్డీ ఒకటి పుచ్చుకుని బండి చుట్టూ తిరుగుతున్నాడు. యాభై దాటిన మనిషి. చక్రం చక్రానికీ ఒక దెబ్బ వేసి, చెవి ఒగ్గి వింటున్నాడు. వైద్యుడు వీపు మీద కొట్టి చూసినట్టుంది. నేను చక్రాలు లెక్కపెట్టాను. లాగే బండికి పది, బల్లకి ముప్ఫై రెండు. మొత్తం నలభై రెండు.

"ఇన్ని చక్రాలెందుకు బాబూ?" అన్నాను.

"మాది సాలూరమ్మా. సాలూరోడిని సక్రాలెందుకని అడిగీసినారు" అని నవ్వాడు. నిజమే. సాలూరంటే లారీలు, లారీలంటే సాలూరు. "బరువెంతున్నా రోడ్డుకేటీ అవదమ్మా. ఒక్క సోట పడితేనే అవుద్ది. అంచేత పంచీడమే. ఇరుసు కింద ఎనిమిది, ఇరుసు కింద ఎనిమిది. ఒకడికే అప్పజెప్పీకూడదు."

"మరి ఈ కొట్టడమెందుకు?"

"గాలి దిగిపోయిన టైరు కంటికి కనబడదమ్మా. పక్కనున్న జత టైరు మోసీస్తంటాది కదా, ఇదీ నిలబడ్డట్టే ఉంటాది. సూసినోళ్లకి రెండూ బాగానే ఉన్నాయనిపిస్తాది. మోసీ మోసీ యేడెక్కిపోయి, ఆకర్న పేలేది ఆ మోసిందే. గాలి దిగిన్ది కాదు. దెబ్బేస్తే సప్పుడు బట్టి తెలిసిపోతాది."

అని ఇంకో చక్రానికి దెబ్బ వేశాడు. నేను నా చేతిలోని కమలాపళ్ల సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. సంచీ బరువేమీ కాదు.

తర్వాత వంతెన. దాని మీద ఇంకో బండి లేకుండా అటూ ఇటూ ఆపేశారు. గెడకుర్రాడు ముందు వెనక్కి తిరిగి నడుస్తూ, రెండు చేతులూ పైకెత్తి, "రానీ... రానీ... రానీ..." అంటున్నాడు. వంతెన సరిగ్గా మధ్యన, మనిషి నడక కన్నా నెమ్మదిగా, ఒక్కసారి కూడా బ్రేకు వెయ్యకుండా పోవాలట. మధ్యలో బ్రేకు వేస్తే ఆ బరువంతా ఒక్కసారి ముందుకి తోసుకొస్తుందని ఇంజనీరు కుర్రాడు చెప్పాడు. అంతసేపూ గోల చేసిన బస్సుజనం కిక్కురుమనలేదు. శుభలేఖలాయన కూడా ఊపిరి బిగబట్టి చూశాడు. చివరి చక్రం అవతలి గట్టు తాకగానే ముసలమ్మ మళ్లీ దండం పెట్టింది. ఈసారి నేనూ పెట్టినట్టే గుర్తు.

అవతల వెడల్పుచోట బండి పక్కకి తీసి మా బస్సుకి దారిచ్చారు. డ్రైవరు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. సొంత ఊరి మీదుగా పోతూ ఇంటి ముందు ఆపలేని మనిషి అతను. అంత బండి వీధిలో ఆపడానికి అనుమతి ఉండదు కదా.

రామభద్రపురం దాటి దిగి, ఆటో మీద ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు. తలుపు తీసే ఉంది. అమ్మ నిద్రపోతోంది. మరదలు మంచం పక్క నేల మీదే, గోడకి ఆనుకుని, తినని కంచం ముందు పెట్టుకుని నిద్రపోతోంది.

ఇంతకు ముందు నేనెప్పుడొచ్చినా ముందు ఫోను చేసి వచ్చేదాన్ని. నేనొచ్చే వేళకి ఆ పిల్ల తల దువ్వుకుని, చీర మార్చుకుని, కాఫీ కలిపి నవ్వుతూ ఎదురొచ్చేది. ఇల్లు అద్దంలా ఉండేది. "పాపం, బాగానే నెట్టుకొస్తోంది" అని బస్సెక్కి వెళ్లిపోయేదాన్ని. ఆ రోజూ ఫోను చేశాను గాని, మూడు గంటలు ఆలస్యమయ్యేసరికి ఇక రాననుకుని కళ్లు మూసుకుంది.

అలికిడికి ఉలిక్కిపడి లేచింది. లేవడానికి గోడ పట్టుకుంది. కుడి మణికట్టుకి గుడ్డ కట్టుంది. "ఏమిటది?" అంటే, "ఏం లేదు వదినా, అత్తయ్యని తిప్పేటప్పుడు బెణికింది" అంది.

మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి అటూ ఇటూ ఒత్తిగిలించాలని డాక్టరు మొదటి రోజే చెప్పాడు. ఒక్కచోటే బరువు పడితే చర్మం ఓర్చుకోదు, పుండ్లు పడతాయి. ఏడాదిన్నరగా అమ్మ ఒంటి మీద ఒక్క పుండు లేదు. అందరం మెచ్చుకున్నాం. రెండు గంటలకోసారంటే రాత్రిళ్లు కూడా అని, రాత్రి పదికీ పన్నెండుకీ రెండుకీ నాలుగుకీ లేచేది ఎవరని, అమ్మని ఒత్తిగిలించే మనిషి తను ఎప్పుడు ఒత్తిగిలుతుందని ఎవరమూ లెక్క కట్టలేదు. బెంగుళూరు చెల్లెలు డబ్బు పంపిస్తుంది. నేను పళ్లు తెస్తాను. చూసినవాళ్లకి అన్ని చక్రాలూ నిలబడ్డట్టే ఉంటాయి.

కాఫీ పెడతానని వంటింట్లోకి పోబోతుంటే ఆపాను. కాదని చెప్పడానికి రాసుకున్న నాలుగు కారణాలూ సంచీలోనే ఉన్నాయి. "అమ్మాయీ, ఎల్లుండి అమ్మని తీసుకెళ్తున్నాను" అన్నాను.

ఆ పిల్ల సంతోషిస్తుందనుకున్నాను. గుమ్మం పట్టుకుని ఏడ్చింది. "నేను సరిగ్గా చూడలేదని కాదు కదా వదినా?" అంది. ఈ మాటకి నేను ఏ నవలలోనూ జవాబు రాయలేదు. ఆ వేళ రాత్రి పదికీ పన్నెండుకీ రెండుకీ నాలుగుకీ నేనే లేచాను. తెల్లారేసరికి నా నడుం నాది కాదు. ఒక్క రాత్రికే.

ఇంక అమ్మని తీసుకురావడం. మావారికి ఫోను చేసి, బ్లౌజులు కొలిచే టేపుతో మా లిఫ్టు కొలవమన్నాను. "ఎందుకే?" అన్నారు. "కొలవకుండా బయల్దేరితే వెనక్కి తిప్పడం కుదరదు" అన్నాను. స్ట్రెచరు పట్టదు, కుర్చీ అయితే పడుతుందని తేలింది. గుమ్మం వెడల్పు, స్నానాలగది తలుపు, అన్నీ కొలిపించాను. ఊళ్లో అరుగు మెట్లు దింపడానికి నలుగురు మంచం నాలుగు కోళ్లూ పట్టారు. నేను ముందు వెనక్కి తిరిగి నడుస్తూ, "రానీ... రానీ..." అన్నాను. అమ్మ మంచం మీంచే, "దీనికేం వచ్చిందే?" అని మరదల్ని అడిగింది. అంబులెన్సువాడితో గతుకుల దగ్గర నెమ్మదిగా పోనిమ్మన్నాను. వెనకెవరైనా హారను కొడితే కొట్టనిమ్మన్నాను.

దారిలో రోడ్డు పని జరుగుతున్న చోటు కనిపిస్తుందేమోనని చూశాను గాని కనబడలేదు.

ఇదంతా చెప్పినప్పుడు సివిల్ ఇంజనీరింగు చదివిన మా అబ్బాయి ఇంకో సంగతి చెప్పాడు. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా ఒక పరీక్ష చేశారట. రకరకాల రోడ్లు వేసి, సైనికుల చేత రోజుల తరబడి లారీలు తిప్పించి, ఏ బరువుకి ఏ రోడ్డు ఎంత పాడవుతుందో చూశారు. తేలిందేమిటంటే, ఒక ఇరుసు మీద బరువు రెండింతలు చేస్తే నష్టం రెండింతలవదు, సుమారు 16 రెట్లవుతుంది. "సగం బరువు ఇంకో ఇరుసు మోస్తే రోడ్డు ఎన్నాళ్లు బతుకుతుందో చూడమ్మా" అన్నాడు. బి.ఏ. చదివినదాన్ని, లెక్కలంటే ఆమడ దూరం పరిగెత్తేదాన్ని. అయినా ఈ లెక్క వెంటనే అర్థమైంది.

గొప్ప త్యాగం చేశానని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ రెండు నెలల్లో నేను విసుక్కున్నాను, సీరియల్ రెండు వారాలు ఆగింది, పనమ్మాయి సంక్రాంతికెళ్లి నేననుకున్నట్టే ఇరవై రోజులకొచ్చింది. ఒక రాత్రి పన్నెండింటికి లేవలేక పడుకుండిపోతే మావారు లేచి అమ్మని తిప్పారు. "అల్లుడు చేత చేయించుకుంటున్నాను" అని అమ్మ ఏడ్చింది. ఆయన బి.పి. మాత్రం ఏమీ పెరగలేదు. ఇప్పుడు వంతులు వేసుకున్నాం. తమ్ముడింట్లో నాలుగు నెలలు, నా దగ్గర రెండు నెలలు. బెంగుళూరు చెల్లెలు అంతదూరం అమ్మని కదపలేం కనక తనే వచ్చి నెలరోజులుంటుంది. డబ్బు పంపడం కన్నా ఇది కష్టంగా ఉందని నిజాయితీగా ఒప్పుకుంది.

అమ్మ వంతు తమ్ముడింట్లో ఉన్నప్పుడు మరదలికి ఫోను చేస్తాను. "ఎలా ఉన్నావమ్మాయీ?" అంటే, "బాగానే ఉన్నాను వదినా" అంటుంది. ఎప్పుడడిగినా అదే మాట. ఇదివరకు ఆ మాట విని ఫోను పెట్టేసేదాన్ని. ఇప్పుడు ఊరికే ఇంకో కబురు అడుగుతాను, ఇంకో కబురు అడుగుతాను. గొంతు విని, చెప్పిన నెల కన్నా ముందే బస్సెక్కిన రోజులున్నాయి. సాలూరాయన అన్నట్టు, చప్పుడు బట్టి తెలిసిపోతుంది.